శరత్కాలపు చెరువు – పక్షి కాలే కొలబద్ద



ఈ శీర్షికలో ఇంతవరకు లెన్సుల గురించి, వెలుతురు గురించి, ఇంటిల్లిపాదినీ ఒకే చిత్రంలో ఇమిడ్చే ఉపాయాల గురించి ముచ్చటించుకున్నాము. గత సంచిక చదివిన పలువురు ఉద్యోగ మిత్రులు "దసరా సెలవులకు ఊరికి వెళ్ళడం లేదు, కాలనీలోనే ఉండి ఫోటోలు తీసుకోదగిన విషయమేదైనా సూచించండి" అని అడిగారు. వారికి నా సమాధానం ఒక్కటే. కాలనీ వెనుక గేటు దాటి పది నిమిషాలు నడవండి. అక్కడ మన చెరువున్నది. శరదృతువులో అంతకు మించిన చిత్రశాల మనకు సమీపంలో లేదు.

ఈసారి ఫోటోల కబుర్లతో పాటు నేను చేయబోయిన ఒక పొరపాటును కూడా మీ ముందుంచదలచాను. ఆ పొరపాటు చక్కని డ్రాయింగు రూపంలో, అడుగున నా సంతకంతో, ఇప్పటికీ మా ఇంటి బీరువాలో భద్రంగా ఉన్నది. దానిని సరిదిద్దినవి రెండు: ఒకటి కెమెరా, రెండవది ఒక వృద్ధుని ప్రశ్న.

ముందుగా చెరువు గురించి.

శరత్తులో వచ్చే అతిథులు

ఆశ్వయుజ, కార్తిక మాసాలు శరదృతువని మనందరికీ విదితమే. వర్షాకాలపు బురదనీరు తేటపడుతుంది. ఆకాశం కడిగిన పలకలా ఉంటుంది. గట్ల వెంట తంగేడు, గునుగు విరగబూస్తాయి. మన ఆడపడుచులు ఆ పూలతోనే బతుకమ్మను పేర్చి, సద్దుల నాడు ఈ చెరువులోనే సాగనంపుతారు. సరిగ్గా ఆ రోజులలోనే ఉత్తరాది నుండి అతిథులు ఒక్కొక్కరుగా రావడం మొదలవుతుంది.

నిజానికి తొలి అతిథులు దసరాకు ముందే వస్తారు. ఆగస్టు నెలాఖరుకే బురద అంచున సన్నని ముక్కులతో పొడుచుకు తినే ఉల్లంకి పిట్టలు కనబడతాయి. సెప్టెంబరులో తోక ఆడించుకుంటూ పరుగులు తీసే కాటుకపిట్టలు వస్తాయి. అక్టోబరు, నవంబరు మాసాలలో బాతుల వంతు. తోక సూదిలా పొడుగ్గా సాగిన పిన్‌టెయిల్ బాతు, ముక్కు చివర చెంచాలా వెడల్పుగా ఉండే షవలర్ బాతు, మగపక్షి కంటిపైన తెల్లని కనుబొమ గీత గల గార్గనీ బాతు మన వైపు తరచుగా కనిపించేవి. మన కావ్యాలలో విరహానికి ప్రతీకగా నిలిచిన చక్రవాకం కూడా ఇట్టి వలస పక్షియే. ఇటుక రంగు దేహంతో ఉండే ఆ జంట ఏ పెద్ద జలాశయం ఒడ్డునో శీతకాలంలో దర్శనమిస్తుంది.

ఇవి వచ్చే ఆకాశమార్గాన్ని శాస్త్రజ్ఞులు మధ్య ఆసియా వలస మార్గమంటారు. ఉత్తరాన సైబీరియా మొదలుకొని దక్షిణాన హిందూ మహాసముద్రం వరకు 30 దేశాల మీదుగా సాగే ఈ మార్గంలో మన దేశం ముఖ్యమైన శీతకాలపు విడిది. తలపై రెండు నల్లని పట్టీలు గల బాతు హంస హిమాలయాలను దాటేటప్పుడు 7,000 మీటర్లకు పైబడిన ఎత్తులో ఎగిరినట్లు పరికరాలు అమర్చి నమోదు చేశారు. మనం ఆయాసపడుతూ మూడవ అంతస్తుకు ఎక్కేటప్పుడు ఈ అంకెను ఒక్కసారి స్మరించుకోవడం మంచిది.

ఇక ఇక్కడే స్థిరనివాసమున్న బంధువర్గం సరేసరి. నీటిలో కదలక నిలబడి తపస్సు చేసే నారాయణ పక్షి, రెక్కలు చాచి ఆరబెట్టుకునే నీటికాకి, మనిషి అలికిడికి ఊరంతా లేపే తీతువు, గాలిలో ఒకేచోట నిలిచి నిట్టనిలువుగా నీటిలోకి దూకే నలుపు తెలుపు లకుముకి, నుదుట తెల్లని మచ్చ గల నల్లని కూట్, తామరాకులపై తివాచీ మీద నడిచినట్లు నడిచే జకానా, గులాబీ రంగు పొడుగు కాళ్ళ స్టిల్ట్. చెరువు గట్టున కరెంటు తీగపై కూర్చుండే పాలపిట్టను మరువరాదు. అది తెలంగాణ రాష్ట్రపక్షి. దసరా నాడు దానిని చూడడం శుభమని మన నమ్మకం. అయితే కొందరు దానిని పట్టి, పంజరంలో పెట్టి, ఇల్లిల్లూ తిప్పి చూపించి డబ్బు అడుగుతారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. శమీపూజ అయిన తరువాత పిల్లలను చెరువు గట్టుకు తీసుకువెళ్ళి, తీగ మీది పాలపిట్ట రెక్క విప్పినప్పుడు మెరిసే నీలాన్ని చూపించండి. ఆ నీలం పంజరంలో కనబడదు.

కెమెరా పట్టిన వారికి కొన్ని సూచనలు

నేను చదువుకునే రోజులలో ఫిలిం రీలులో 36 చిత్రాలే ఉండేవి. ఒక్కొక్కటి నొక్కే ముందు జేబు కూడా తడుముకోవలసి వచ్చేది. ఇప్పుడు కార్డులో వేలాది చిత్రాలు పడుతున్నవి. కానీ పక్షి ఒక్క క్షణమే నిలుస్తుంది. కనుక పాతకాలపు పొదుపు ఇప్పటికీ పనికివస్తుంది.

మొదటిది, వేళ. సూర్యోదయం మొదలు రెండు గంటల సేపు వెలుతురు పక్కవాటుగా, మెత్తగా పడుతుంది. సూర్యుని వీపు వెనుక ఉంచుకుని నిలబడితే ఈకల రంగులు స్పష్టంగా వస్తాయి. ఎదురుగా పెట్టుకుంటే నీటి మీది ఆవిరిలో పక్షి నీడచిత్రం వస్తుంది. రెండూ అందమైనవే. ఏది కావాలో ముందే నిశ్చయించుకోవాలి.

రెండవది, వేగం. కూర్చున్న పక్షికి సెకనులో 500వ వంతు సాధారణంగా సరిపోతుంది. ఎగిరే పక్షికి 1,600వ వంతు, అంతకంటె తక్కువ వ్యవధి కావాలి. లకుముకి దూకే క్షణానికి ఇంకా తక్కువ.

మూడవది, తెలుపు. తెల్లకొంగను ముదురు నీటి నేపథ్యంలో తీస్తే కెమెరా మోసపోయి కొంగను సున్నపు ముద్దలా చేస్తుంది. ఎక్స్‌పోజర్‌ను మూడింట రెండు వంతుల స్టాపు తగ్గించండి. ఈకల గీతలు నిలుస్తాయి.

నాలుగవది, ఎత్తు. నిలబడి తీసిన చిత్రంలో పక్షి మన కాళ్ళ దగ్గర ఉన్నట్లుంటుంది. గట్టు మీద గోనెపట్టా పరచుకుని, బోర్లా పడుకుని, కెమెరాను నీటిమట్టానికి దించితే పక్షి మనతో సమానంగా కనబడుతుంది. ఈ భంగిమలో నన్ను చూసి మన సెక్యూరిటీ సిబ్బంది ఒకసారి అంబులెన్సుకు ఫోను చేయబోయారు. కాబట్టి ముందుగా వారికి చెప్పి వెళ్ళడం క్షేమం.

ఖరీదైన టెలి లెన్సు లేదని చింతించనవసరం లేదు. బైనాక్యులర్ కంటి అద్దానికి మొబైల్ ఫోను ఆనించి తీసినా పక్షిని గుర్తుపట్టగల చిత్రం వస్తుంది. ఈ వ్యాసంలో చెప్పబోయే పనికి ఆ మాత్రం చాలు.

రాయి విసిరిన ఉదయం

ఐదవ సూచనను నా అనుభవంతో చెబుతాను. ఆరేళ్ళ క్రితం రక్తపరీక్షల కాగితం చూసి డాక్టరుగారు రోజూ గంటసేపు నడవమన్నారు. వట్టి నడక విసుగనిపించి కెమెరా మెడలో వేసుకున్నాను. ఆ ఏడు కార్తికమాసంలో ఒక ఆదివారం, పదవ తరగతి చదువుతున్న మా అమ్మాయి కూడా నాతో వచ్చింది. పొగమంచు వీడుతున్నది. పిన్‌టెయిల్ బాతులు ఒక వందకు పైగా నీటి మధ్య నిద్రపోతున్నవి. నాకు గుంపు ఎగిరే చిత్రం కావాలి. అరగంట ఓపిక పట్టాను. అవి కదలలేదు. చివరకు చేతికందిన రాయిని నీటిలోకి విసిరాను.

గుంపు మొత్తం లేచింది. నేను 60 చిత్రాలు తీశాను. చెరువు మీద రెండు చుట్లు తిరిగి, అవి తాటిచెట్ల మీదుగా వెళ్ళిపోయాయి. మళ్ళీ ఆ ఉదయం దిగలేదు.

మా అమ్మాయి కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చాయని దారిపొడుగునా మీరే చెప్పారు కదా నాన్నా! నిద్రపోతున్న వాటిని మళ్ళీ ఎందుకు ఎగరగొట్టారు?" అన్నది.

ఇంటికి వచ్చి కంప్యూటరులో చూస్తే 60 చిత్రాలలోనూ బాతుల వెనుకభాగమే ఉన్నది. భయపడి పారిపోయే పక్షి మన వైపు ముఖం పెట్టదు కదా! దూరప్రయాణం చేసిన పక్షి శరీరంలోని కొవ్వును ఇంధనంగా ఖర్చు చేసి వస్తుంది. ఇక్కడ తిని, విశ్రమించి, మళ్ళీ మార్చి నెలలో తిరుగు ప్రయాణానికి ఆ ఇంధనం నింపుకోవాలి. అనవసరంగా లేపిన ప్రతిసారీ మనం ఆ నిలువలో నుండి కొంత దొంగిలించినట్లే. ఆనాటి నుండి నాకు నేను విధించుకున్న నియమాలివి: రాయి విసరను, చప్పట్లు కొట్టను, రికార్డు చేసిన కూతలు వినిపించను, ఫ్లాష్ వాడను. పక్షి తల ఎత్తి నన్ను చూస్తే అక్కడే ఆగుతాను. మళ్ళీ మేత మొదలుపెడితేనే మరో అడుగు వేస్తాను.

నా డ్రాయింగు, నీరటి తాత ప్రశ్న

ఇప్పుడు బీరువాలోని కాగితం విషయానికి వస్తాను.

ఆ ఏటి వేసవిలోనే కాలనీ సంక్షేమ సంఘం చెరువు సుందరీకరణకు పూనుకున్నది. సివిల్ ఇంజనీరును కనుక నక్షా తయారుచేసే బాధ్యత నాకు అప్పగించారు. మూడు పనులు ప్రతిపాదించాను. అలుగును అర మీటరు ఎత్తు చేసి నీటి నిల్వ పెంచడం. చెరువు చుట్టూ ఒడ్డును ఏటవాలుగా తీర్చి రాతి పలకలు పరచడం. దానిపై నడకబాట వేసి, పది మీటర్లకొక దీపస్తంభం నిలపడం. నక్షా అందరికీ నచ్చింది. ఉత్తరపు మూలన 60 మీటర్ల మేర నమూనాగా రాళ్ళు పరిచే పని కూడా పూర్తయింది.

రాయి విసిరిన రెండు వారాలకు అదే ఉత్తరపు ఒడ్డున కూర్చుని ఉండగా నీరటి తాత వచ్చాడు. చెరువు తూముల తాళం చెవులు తరతరాలుగా వారి ఇంటనే ఉండేవట. ఇప్పుడు సాగు లేకపోయినా రోజూ ఒకసారి కట్ట మీద తిరిగి చూడనిదే ఆయనకు తోచదు. కొత్త రాళ్ళ వైపు చూసి, "ఇదంతా ఇట్లనే కడతరా సారూ?" అని అడిగాడు.

"అవును తాతా, చుట్టూ కడతాము. శుభ్రంగా ఉంటుంది కదా" అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించి, "ఒడ్డునంత గిట్ల నిటారుగ చేస్తిరనుకో, మరి పిట్ట యాడ నిలవడతది సారూ?" అన్నాడు.

నేను నవ్వి ఊరుకున్నాను. ఇంత పెద్ద చెరువులో పిట్టకు నిలబడే చోటు కరవా అనుకున్నాను. కానీ ఆ రాత్రి అప్పటివరకు తీసిన చిత్రాలను ముందేసుకుని ఒక్కొక్కటి పెద్దది చేసి చూశాను. అప్పుడు అంతవరకు గమనించని విషయం కంటబడింది. ప్రతి చిత్రంలోనూ పక్షి కాలే నీటి లోతును చూపుతున్నది.

ఉల్లంకి పిట్టకు నీరు గోళ్ళు తడిసేంత, మహా అయితే మూడు నాలుగు సెంటీమీటర్లు. స్టిల్ట్ కాళ్ళు సుమారు జానెడు పొడవు. అది మోకాలి వరకు, అంటే పదీ పన్నెండు సెంటీమీటర్ల వరకు దిగుతుంది. (మనం మోకాలనుకునేది నిజానికి పక్షి చీలమండ. అసలు మోకాలు ఈకల చాటున పొట్టకు ఆనుకుని ఉంటుంది.) పిన్‌టెయిల్, షవలర్, గార్గనీ వంటి బాతులు కూట్‌లాగా మునిగి మేత తెచ్చుకునేవి కావు. తల నీటిలో ముంచి, తోక పైకెత్తి, మెడ అందినంత లోతులోనే మేస్తాయి. అది పాతిక, ముప్పై సెంటీమీటర్లకు మించదు. చెరువు మధ్యలో అవి నిద్రించగలవు గాని అక్కడ వాటికి భోజనం లేదు.

అంటే చెరువు ఎంత పెద్దదైనా, వచ్చిన అతిథులలో అధిక భాగానికి విస్తరి వేసేది అంచున ఉన్న పాతిక సెంటీమీటర్ల లోతు నీరే.

లెక్క ఇలా తేలింది

ఇంజనీరుకు అనుమానం వస్తే కొలిచి చూడడమే మార్గం. స్టోరులో దుమ్ముపట్టిన పాత డంపీ లెవెల్‌ను అడిగి తెచ్చుకుని, ఒక మిత్రుడు స్టాఫ్ పట్టుకోగా ఉత్తరపు ఒడ్డు వాలును కొలిచాను. సగటున 60 మీటర్లకు ఒక మీటరు దిగుతున్నది. నా డ్రాయింగులోని రాతి వాలు ఒకటిన్నర మీటరుకు ఒక మీటరు.

పాతిక సెంటీమీటర్ల లోతు వరకు ఉండే నీటి పట్టీ వెడల్పు ఎంతో చూడండి. సహజమైన ఒడ్డుకు 0.25ను 60తో గుణిస్తే 15 మీటర్లు. రాతి ఒడ్డుకు 0.25ను 1.5తో గుణిస్తే 37.5 సెంటీమీటర్లు. మన ఉత్తరపు ఒడ్డు పొడవు సుమారు 800 మీటర్లు. కనుక ఇప్పుడున్న మేతనేల 12,000 చదరపు మీటర్లు. నేను గీసినట్లు కడితే మిగిలేది 300 చదరపు మీటర్లు. నలభైలో ఒక వంతు! ఆ మిగిలినది కూడా బురద కాదు, రాయి. రాతిలో పురుగు ఉండదు, గడ్డి దుంప ఉండదు.

రెండవ లెక్క మరింత ఆశ్చర్యం కలిగించింది. వానలు ఆగిన తరువాత ఎండకు చెరువు నీరు రోజుకు 4 మిల్లీమీటర్ల చొప్పున తగ్గుతుందనుకుందాము. పది రోజులకు 4 సెంటీమీటర్లు. సహజమైన ఒడ్డుపై నీరు ఆ మేరకు 2.4 మీటర్లు వెనక్కు జరిగి, తడి ఆరని కొత్త బురదను బయటపెడుతుంది. పురుగులు, నత్తలు, విత్తనాలతో నిండిన ఆ బురద పక్షులకు పది రోజులకొకసారి వడ్డించే కొత్త పంక్తి వంటిది. ఈ విధంగా మార్చి వరకు పంక్తి వెంట పంక్తి. రాతి ఒడ్డుపై అదే పది రోజులలో నీరు జరిగేది 6 సెంటీమీటర్లు మాత్రమే.

అలుగును అర మీటరు ఎత్తితేనో? నీరు 30 మీటర్లు ముందుకు పాకి మన ప్రహరీ గోడను తాకుతుంది. ఆ పైన వాలు నేల మిగలదు. నిండుకుండలాంటి చెరువు చూడముచ్చటగా ఉంటుంది. కానీ కుండలో కొంగ నిలబడలేదు.

ఇందులో మనిషి చేతిని నిందించవలసిన పని లేదు. చెరువులన్నీ మన పూర్వులు తవ్వినవే, కట్టలు పోసినవే. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ సమీపాన ఉన్న కేవలాదేవ్ పక్షిధామం కూడా కట్టలు వేసి, తూములతో నీరు మళ్ళించి సృష్టించినదే. 1985లో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు. అక్కడి నీరు చాలావరకు లోతు తక్కువ నీరు. ఆ లోతును అదుపులో ఉంచడమే అక్కడి వారి నిత్యకృత్యం. మనిషి కట్టినదైనా అంచు పల్లంగా, నిదానంగా ఉంటే పక్షి దానిని తనదిగా చేసుకుంటుంది.

సమావేశంలో ఏమి జరిగింది

డిసెంబరులో సంఘ సమావేశం జరిగినప్పుడు నా నక్షాను నేనే వెనక్కు తీసుకుంటున్నానని చెప్పి, 40 చిత్రాలు తెరపై చూపించాను. అందరూ మెచ్చుకున్నారనుకుంటే పొరపాటు. "రాళ్ళు పరచకుంటే దోమలు పెరగవా?" అని ఒకరు, "మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారు బురదలో ఎలా నడుస్తారు?" అని మరొకరు, "బతుకమ్మ నాడు ఆడవాళ్ళు జారిపడితే ఎవరిది పూచీ?" అని ఒక సోదరి అడిగారు. మూడూ న్యాయమైన ప్రశ్నలే. పక్షుల మీద ప్రేమతో వాటిని కొట్టిపారేసే హక్కు నాకు లేదు.

చివరకు మధ్యేమార్గం కుదిరింది. నడకబాటను చెరువు కట్ట మీదనే వేశాము. అలల తాకిడికి కట్ట కోసుకుపోకుండా అక్కడ రాతి కట్టడం ఎలాగూ అవసరం. బతుకమ్మ ఘాటు మెట్లు కూడా కట్టవైపే, నేల గట్టిగా ఉన్నచోట నిర్మించాము. దీపాలకు పైకప్పులు బిగించి వెలుతురు బాట మీదనే పడేటట్లు చేశాము. అలుగు ఎత్తు పెంచలేదు. దోమల విషయంలో, డెంగీ దోమ మన కూలర్లలోను, పూలకుండీల పళ్ళాలలోను పుడుతుందని, చేపలు, తూనీగలు ఉన్న చెరువు దానికి అనుకూలం కాదని వైద్యాధికారి వివరించారు. ఉత్తరపు ఒడ్డులో 500 మీటర్లు యథాతథంగా ఉంచడానికి అంగీకారం కుదిరింది. మిగిలిన 300 మీటర్ల సంగతి, నమూనాగా కట్టిన 60 మీటర్లతో సహా, తరువాత చూద్దామన్నారు.

ఆ "తరువాత" ఇప్పుడు వచ్చింది. రాబోయే జనవరి సమావేశంలో ఆ 300 మీటర్ల విషయం తేల్చవలసి ఉన్నది. ఇంకొక సంగతి కూడా మనం గుర్తుంచుకోవాలి. 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో కుదిరిన చిత్తడి నేలల ఒడంబడికలో మన దేశం 1982లో చేరింది. మన కొల్లేరు 2002లో ఆ జాబితాకెక్కింది. అయితే దేశంలో అమలులో ఉన్న 2017 నాటి చిత్తడి నేలల నియమావళి, సాగునీటి కోసమో తాగునీటి కోసమో ప్రత్యేకించి నిర్మించిన జలాశయాలను తన పరిధిలో చేర్చలేదు. మన చెరువు వంటివి వేలాదిగా ఆ నిర్వచనానికి వెలుపలనే ఉన్నవి. హైదరాబాదు చెంతనున్న అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలమనే గౌరవం దక్కింది. అటువంటి అదృష్టం అన్ని చెరువులకూ పట్టదు. మన చెరువుకు చట్టం నుండి దక్కని రక్షణ, దాని ఒడ్డున నివసించే మన వివేకం నుండే దక్కాలి.

మీరు చేయగల సహాయం

నాకు నా చిత్రాలపై నమ్మకమున్నది గాని, ఒక్కని చిత్రాలు సాక్ష్యానికి చాలవు. అందుచేత ఉద్యోగ మిత్రులను, వారి కుటుంబ సభ్యులను ఒకటి కోరుతున్నాను. ఉత్తరపు ఒడ్డున మూడు కొయ్యలు పాతించాను. మొదటిది నమూనా రాతి ఒడ్డు వద్ద, రెండవది నిర్ణయం తేలవలసిన 300 మీటర్ల నడుమ, మూడవది యథాతథంగా ఉంచిన ఒడ్డున. ఏ రోజైనా సరే, మూడు కొయ్యల దగ్గర నిలబడి ఒక్కొక్క చిత్రం తీయండి. పక్షి ఉన్నా తీయండి, లేకున్నా తీయండి. పక్షులు లేని చిత్రం కూడా సాక్ష్యమే. తేదీ, వేళ రాసి నాకు అందజేయండి. కాళ్ళు కనబడేటట్లు తీస్తే మరీ సంతోషం.

నిజాయితీ కోసం ఒక మాట. రాతి ఒడ్డు వద్ద పక్షులే లేవని నేను అనడం లేదు. నీటికాకులు ఆ రాళ్ళపై రెక్కలారబెట్టుకుంటాయి. ఒక లకుముకి రోజూ అక్కడే కూర్చుంటుంది. ఆరు శరత్తులలో నా చిత్రాలలో అక్కడ కనబడనివి ఉల్లంకులు, స్టిల్టులు, మేసే బాతులు. దూరం నుండి వచ్చే అతిథులే అక్కడ దిగడం లేదు. మీ చిత్రాలు వేరుగా చెబితే, సమావేశంలో ఆ మాటా నేనే చెబుతాను.

ప్రతి సంవత్సరం జనవరిలో ఆసియా ఖండమంతటా నీటిపక్షుల గణన జరుగుతుంది. 1987 నుండి ఇది క్రమం తప్పక సాగుతున్నది. మన చెరువు లెక్కను కూడా ఈసారి అందులో చేర్పించాలని సంకల్పం. నవంబరు 12వ తేదీ ప్రఖ్యాత పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీ జయంతి. 1896లో జన్మించిన ఆ మహనీయుడు దేశమంతా తిరిగి, పక్షిని చూడడమెలాగో మన ప్రజలకు నేర్పాడు. ఆ వారంలో వచ్చే ఆదివారం ఉదయం 6 గంటలకు వెనుక గేటు దగ్గర కలుసుకుందాము. ముదురు రంగు దుస్తులు ధరించి, పిల్లలను వెంటబెట్టుకుని రండి. కెమెరా లేకున్నా ఫరవాలేదు. మా అమ్మాయి ఇప్పుడు పై చదువులకు వేరే ఊరిలో ఉన్నది. ఆ వారానికి వస్తానన్నది. పిల్లల బృందాన్ని ఆమె చూసుకుంటుంది. రాళ్ళు విసరకుండా నన్ను కూడా చూసుకుంటుంది.

నీరటి తాతను కూడా రమ్మని కబురు పంపాను. ఆయన ప్రశ్నకు నేను ఆరేళ్ళ క్రితం నవ్వి ఊరుకున్నాను. ఈ జనవరిలో మనమందరం కలిసి సమాధానం చెప్పాలి.

వచ్చే సంచికలో: శీతకాలపు పొగమంచులో ఫోకస్ కుదరకపోతే ఏమి చేయాలి?